ఎఫ్ మీద చూపుడు వేలు

టైపు మాస్టారి దృష్టిలో ఈ లోకంలో జరుగుతున్న అనర్థాలన్నిటికీ కారణం ఒక్కటే: ఎడమచేతి చూపుడు వేలు ఎఫ్ అక్షరం మీద లేకపోవడం. యుద్ధాలు, కాపురాల్లో గొడవలు, రైళ్ళు ఆలస్యంగా రావడం, అన్నీ ఆ వేలు జారడం వల్ల వచ్చినవే. అదెలాగని అడిగినవాళ్ళకి ఆయన విడమరిచి చెప్పగలడు. అందుకే ఎవరూ అడగరు.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసింది ఆయన కోడలికి. అదీ పెళ్ళికి ముందే తెలిసింది. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజున ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టి, "అమ్మాయ్, ఓసారి చేతులు చూపించు" అన్నాడు. కాబోయే వియ్యంకుడికి చెయ్యి చూసి జాతకం చెప్పడం వచ్చని ఆమె తల్లి మురిసిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, పిల్లలెంతమందో కూడా చూసి చెప్పమంది. మాస్టారు చేతులు రెండూ తిప్పి చూసి, గోళ్ళు పెరిగాయనీ, మీటకి తగిలి వేలు జారుతుందనీ, మిగతా అంతా బాగుందనీ చెప్పి కాఫీ పూర్తిచేశాడు. సంబంధం కుదిరింది. ఆ మీట అనేది ఏ గ్రహమో మాత్రం తల్లికి చాలాకాలం అర్థం కాలేదు.

చెప్పుల దుకాణం పైన మేడమీద ఒక పొడుగాటి గది ఉంది. ఇరవై మూడు మెట్లెక్కాలి. ఆ గదిలో మాస్టారు ముప్పై నాలుగేళ్ళు టైపు నేర్పాడు. ఇరవై రెండు మిషన్లు ఒక్కసారి మోగుతుంటే కింద చెప్పులు కొనేవాళ్ళు వాన మొదలైందనుకుని గొడుగులు వెతుక్కునేవారట. ఏ ఎస్ డీ ఎఫ్ అన్న మొదటి పాఠం దగ్గరే ఒక్కొక్కరిని నెలరోజులు కూర్చోబెట్టేవాడు. ఎవరి తప్పయినా పట్టుకోవడానికి ఆయనకి కాగితం చూడక్కర్లేదు. గది చివర కళ్ళు మూసుకుని కూర్చుని, "మూడో వరసలో రెండో మిషను, చెయ్యి ఒక గడి పక్కకి పోయింది" అనేవాడు. వెళ్ళి చూస్తే పోయే ఉండేది. ఒక్కో మీటకి ఒక్కో చప్పుడుంటుందని ఆయన వాదన. ఇంట్లో ఎవరు తలుపు తట్టినా, బొటనవేలితో తట్టారా మధ్యవేలితో తట్టారా చెప్పి మరీ గడియ తీసేవాడు.

టైపు మిషన్ల కాలం ముగిశాక గది మూసెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. కోడలు చదువుకున్నది కంప్యూటర్లే కనుక ఇరవై కంప్యూటర్లు పెట్టి ఆటల సెంటరు తెరిచింది. భర్త సర్వే పనిమీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళమ్మట తిరుగుతాడు. కాబట్టి సెంటరూ ఆమె వంతే, మామగారూ ఆమె వంతే. మాస్టారు మొదట్లో కంప్యూటరు మొహం చూడనన్నాడు. ఒకరోజు దుమ్ము తుడుస్తూ కీబోర్డు మీద చెయ్యివేశాడు. ఎఫ్ మీట మీద సన్నటి గీత ఒకటి ఉబ్బుగా చూపుడు వేలికి తగిలింది. మళ్ళీ తడిమాడు. మళ్ళీ తగిలింది.

"అమ్మాయ్, ముప్పై నాలుగేళ్ళు నేను నోరు పడిపోయేలా చెప్పింది, ఎవడో మహానుభావుడు మీట మీదే పోతపోశాడు" అన్నాడు. ఆ రోజునుంచీ కంప్యూటరు ఆయనకి సొంత మనిషైపోయింది.

జబ్బు చేసినా ఈ జబ్బు మాత్రం తగ్గదు. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు మంచం పక్కన నిలబడి, కోడి గింజలేరుతున్నట్టు ఒక్క వేలితో కంప్యూటర్లో వివరాలు ఎక్కిస్తున్నాడు. మాస్టారు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, "ఎఫ్... ఎఫ్..." అని మూలిగాడు. రోగికి మాట తడబడుతోందని రాసుకుని డాక్టరు తలకి స్కానింగు తియ్యమన్నాడు. స్కానింగు గదిలోనూ ఒక కంప్యూటరుంది. అక్కడావిడదీ ఒంటివేలి పద్ధతే. స్కానింగు రెండోసారి తియ్యాల్సి వచ్చింది. మొదటిసారి ఆయన తల అడ్డంగా ఊపడం ఆపలేదు మరి.

ఇలాంటి మనిషి ఆటల సెంటర్లో, తలుపు పక్కన తన పాత ఎత్తు కుర్చీ మీద, చేతిలో అడుగు బద్దతో కూర్చుంటే ఏమవుతుంది? కంప్యూటరు ఆటల్లో మనిషిని నడిపించడానికి నాలుగు మీటలుంటాయి. ముందుకి డబ్ల్యూ, వెనక్కి ఎస్, ఎడమకి ఏ, కుడికి డీ. ఎక్కడికి వెళ్ళినా అవే. అంటే చూపుడు వేలు డీ మీద పడుతుంది, ఎఫ్‌కి ఒక గడి ఎడమగా. మాస్టారికి అది ఊరంతా కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని ఊరేగుతున్నట్టు కనిపించింది.

కొత్తగా వచ్చిన ప్రతివాడినీ ఆపి అడిగేవాడు. "ఈ నాలుగే ఎందుకు?"

"ఆటలో అవే ఉన్నాయి మాస్టారూ."

"ఆటలో ఎందుకున్నాయి?"

"అందరూ అవే వాడతారు కదా."

"అందరూ ఎందుకు వాడతారు?"

"ఆటలో అవే ఉన్నాయి కాబట్టి."

ఇక్కడికి వచ్చేసరికి అడుగు బద్ద బల్ల మీద పడేది.

అలాగని ఆయన తెలియక అడిగేవాడు కాదు. సంగతంతా కూపీ లాగి పెట్టుకున్నాడు. విందామన్నవాళ్ళకీ వద్దన్నవాళ్ళకీ సమానంగా చెప్పేవాడు. తొలిరోజుల్లో చాలా ఆటల్లో బాణం గుర్తుల మీటలే నడక మీటలు. కుడిచేత్తో నొక్కుకుంటే సరిపోయేది. తర్వాత మౌసు వచ్చి, తల తిప్పి చూడటానికీ గురిపెట్టడానికీ కుడిచేతిని పట్టుకుపోయింది. బాణాలేమో కుడిపక్కనే ఉండిపోయాయి. ఎడమచెయ్యి కీబోర్డంతా దాటుకుని అక్కడిదాకా వెళ్తే, రెండు మోచేతులూ కిక్కిరిసిన బస్సులో ప్రయాణికుల్లా తోసుకునేవి. దాంతో ఆటగాళ్ళు ఎడమవైపున ఎవరికి తోచిన మీటలు వాళ్ళు వెతుక్కున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఈలోగా పోటీలు మొదలయ్యాయి. పెద్ద పోటీలో గెలిచినవాడి చెయ్యి ఎక్కడుందో చూసి మిగతావాళ్ళూ అక్కడే పెట్టారు. ఆటలు తయారుచేసేవాళ్ళు జనం చేతులెక్కడున్నాయో చూసి, పెట్టెలోంచి తీసేటప్పటికే అలా అమర్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

"అంటే గెలిచినవాడి ఒంటి కొలతకి ఊరందరికీ చొక్కాలు కుట్టేశారన్నమాట" అని ముగించేవాడు మాస్టారు. "బిగుతైనవాడు తన ఒళ్ళే తప్పనుకుంటున్నాడు."

ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం ఒక్క లిఫ్టు మెకానిక్కే చేసేవాడు. సెంటరులో అందరికంటే పెద్ద ఆటగాడు అతనే. పగలంతా లిఫ్టు గోతుల్లో తలకిందులుగా వేలాడి, సాయంత్రం ఇక్కడికొచ్చి తల నిటారుగా పెట్టి కూర్చుంటాడు. అతని వాదన అతనికుంది. పరిగెత్తాలంటే షిఫ్టు నొక్కాలి, వంగాలంటే కంట్రోలు. చెయ్యి ఏ-ఎస్-డీ మీద ఉంటే ఆ రెండూ చిటికెన వేలి పక్కనే ఉంటాయి. ఎగరడానికి స్పేసు బొటనవేలి కిందే ఉంటుంది.

"చెయ్యి ఒక గడి కుడికి జరిపి చూడరా. చిటికెన వేలికి ఇంకో వరస మీటలు దొరుకుతాయి."

"షిఫ్టు దూరమైపోతుంది మాస్టారూ."

"వేలు చాపు."

"నా వేలు పొట్టిది."

"మరి అదే కదా నేనూ అనేది. ఎవరి చేతిని బట్టి వాళ్ళు మీటలు పెట్టుకోవాలి."

"అయితే నన్ను డీ మీద ఉండనివ్వండి."

"కుదరదు. ఎఫ్ మీద."

గదంతా నవ్వేది. అందరికీ ఒకే కొలత తప్పంటూనే అందరినీ ఒకే మీట మీద కూర్చోబెట్టడం ఏం న్యాయమో ఎవరికీ బోధపడేది కాదు. కోడలికి అసలే బోధపడేది కాదు.

అయినా మూడేళ్ళపాటు అది మాటలతోనే సరిపోయింది. రెండు నెలల కిందట ముదిరింది. మాస్టారు పొద్దున్నే, ఊడ్చే మనిషికంటే ముందే వచ్చి, ఇరవై కంప్యూటర్లూ ఒక్కొక్కటే తెరిచి, ఆటల్లో మీటలు మార్చుకునే పేజీకి వెళ్ళి, నడక మొత్తాన్ని ఒక గడి కుడికి జరపడం మొదలుపెట్టాడు. ముందుకి ఈ, ఎడమకి ఎస్, వెనక్కి డీ, కుడికి ఎఫ్. సాయంత్రం జనం వచ్చి అలవాటు చొప్పున ఆట మొదలుపెట్టేవాళ్ళు. ముందుకెళ్దామని డబ్ల్యూ నొక్కితే మనిషి కదిలేవాడు కాదు. కుడికి తప్పుకుందామని డీ నొక్కితే వెనక్కి నడిచేవాడు. ఒకరోజు రెండు జట్లూ, ఎదురెదురుగా తుపాకులు పట్టుకున్న పదిమంది మొనగాళ్ళూ, ఒకరికొకరు దణ్ణం పెట్టి సెలవు తీసుకున్నట్టు వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. తిట్టుకుంటూ అందరూ పాత మీటలు పెట్టుకునేవాళ్ళు. తెల్లవారితే మాస్టారు మళ్ళీ జరిపేవాడు. దానికితోడు ఆట మంచి పట్టులో ఉండగా బల్ల మీద అడుగు బద్ద టకటకమనేది. "చూపుడు వేలు. ఎఫ్ మీద." తిట్లు ఎక్కువగా మెకానిక్కుకే పడేవి.

ఇంతలో పోటీ వచ్చింది. చుట్టుపక్కల ఆరు సెంటర్ల జట్లు ఆదివారంనాడు తలపడతాయి. జరిగేది వీధికి అవతలివైపు కొత్తగా తెరిచిన సెంటర్లో. అక్కడి కీబోర్డుల మీద ఆ నాలుగు మీటలూ ఎర్రగా వెలుగుతుంటాయి, తప్పిపోయే ప్రసక్తే లేకుండా. వీళ్ళ జట్టులో ఐదుగురు: మెకానిక్కు, మందుల షాపతను, ఫోటోగ్రాఫరు, అతని తమ్ముడు, ఒక కాల్ సెంటర్ అమ్మాయి. సోమవారం మెకానిక్కు కౌంటరు దగ్గరికొచ్చి చాలాసేపు హెల్మెట్టు బెల్టు సవరించుకున్నాడు.

"అక్కా, ఈ మాట చెప్పడానికి నాకే బాధగా ఉంది. మాస్టారంటే నాకు ఇష్టమే. కానీ ఆదివారం దాకా ఆయన ఈ గదిలోకి రాకూడదు. వస్తే మేం అవతలి సెంటరు పేరుమీద ఆడతాం. తర్వాత కూడా అక్కడే ఉండిపోతాం."

"ఆదివారం దాకానేనా?"

అతను బెల్టు వంక చూశాడు. "నిజం చెప్పాలంటే తర్వాత కూడా రాకపోతేనే మేలు."

మెకానిక్కు వెళ్తే వెనకే సగం గది వెళ్తుందని ఆమెకి తెలుసు. ఉన్న సగంతో సెంటరు నడవదనీ తెలుసు. కానీ ముప్పై నాలుగేళ్ళూ, ఆ మీదట మూడేళ్ళూ కూర్చున్న కుర్చీలోంచి ఆ మనిషిని లెమ్మనడం ఎలా? భర్తకి ఫోను చేసింది. మా నాన్నని ఆపే ఉపాయం నీకు దొరికితే నాకూ చెప్పు, ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నానని అతను కొండమీదినుంచి చెప్పి పెట్టేశాడు.

మంగళవారం పొద్దున, ఆయన చెప్పులు వేసుకోబోతుంటే చెప్పేసింది. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి, "మామయ్యా, ఇకనుంచి సెంటరుకి నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు ఇంట్లోనే ఉండండి" అంది. ఆయన వేసుకున్న చెప్పు విప్పేశాడు. గొడవ పెట్టుకుంటాడనుకుంది. పెట్టుకోలేదు.

"మీటలు?"

"అవి ఉన్నట్టే ఉంచుతాం మామయ్యా. ఆటలో ఎలా వస్తే అలా."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆగి, గుమ్మం మీద వేళ్ళతో రెండుసార్లు టైపు కొట్టి, "ఒక్క నెల ఆగితే బాగుండేది" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఇన్నేళ్ళలో చెప్పమంటే చెప్పకుండా ఊరుకోవడం ఆయనకి అదే మొదటిసారి అయి ఉండాలి. కోడలు దాన్ని కోపమనుకుంది.

బుధవారం గది ప్రశాంతంగా ఉంది. ఎవరూ ఎవరినీ ఏ వేలు గురించీ అడగలేదు. ఆ ప్రశాంతత ఆమెకి నచ్చాలి. పాడుబడిన రైలుస్టేషన్లో కూర్చున్నట్టుంది.

గురువారం మధ్యాహ్నం జట్టంతా సాధనకి వచ్చింది. తెరలు బాగా కనబడాలని కిటికీ పరదాలు దించేశారు. కాల్ సెంటర్ అమ్మాయి నాలుగో మిషను ముందు కూర్చుంది. ముప్పైకి అటూ ఇటూ వయసు, జుట్టులో హెడ్‌సెట్టు నొక్కిన గుర్తు, తక్కువ మాట. జట్టులో పరుగు బాధ్యత ఆమెది. గోడ అవతల ఎవరు ఎటు నడుస్తున్నారో అడుగుల చప్పుడునిబట్టి పట్టేస్తుంది, అందరికంటే ముందు దూసుకుపోతుంది. ఆ రోజు మాత్రం ఆమె మనిషి వెళ్ళి గోడకి మొహం పెట్టి నిలబడిపోయాడు. నిలబడే పరిగెత్తుతున్నాడు.

"నాలుగో మిషను గోడతో ఏం మాట్లాడుతోంది?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

అందరూ నవ్వారు, ఆమె కూడా. కౌంటరు దగ్గరినుంచి చూస్తున్న కోడలికి ఆమె చెయ్యి కనబడుతోంది. తీసి పెట్టినప్పుడల్లా ఒక్కోచోట పడుతోంది. కీబోర్డు మీదికి బాగా వంగి మీటలు వెతుక్కుంటోంది. తల ఎత్తేలోపల ఆటలో చచ్చిపోతోంది. మూడో ఆట తర్వాత తలనొప్పంటూ లేచింది. తలుపువైపు నడుస్తూ, దారిలో అందరికీ కనబడేలా ఉన్న స్టూలుని ఢీకొట్టి, దానికే సారీ చెప్పి బయటికి వెళ్ళిపోయింది.

కోడలు వెనకే వెళ్ళింది. ఆమె మెట్ల మొదట్లో కడ్డీ పట్టుకుని, కింది మెట్టుకోసం కాలితో తడుముతోంది.

"మాస్టారు మళ్ళీ ఎప్పుడొస్తారక్కా?"

"ఆయన్ని రావద్దన్నాను. ఎందుకు?"

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. అక్కడే కూర్చుని చెప్పింది. రెండేళ్ళుగా చూపు పక్కలనుంచి మూసుకొస్తోంది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. కిందా పక్కనా ఏముందో తెలియదు. వెలుతురు తక్కువైతే మరీను. తెర చూస్తే కీబోర్డు ఉండదు, కీబోర్డు చూస్తే తెర ఉండదు. ఆఫీసులో చెప్పలేదు. చెబితే మొదటి రోజు జాలిపడతారు, రెండో రోజు ఆ కుర్చీకి ఇంకో మనిషిని వెతుకుతారు. అంతకుముందు ఇద్దరి విషయంలో చూసింది. కీబోర్డు చూడకుండా పని చెయ్యడం పూర్తిగా పట్టుబడితే అప్పుడు తనే చెబుతుంది, తీసెయ్యడానికి వాళ్ళకి సాకు మిగలదు. అందుకు ఇంకో నెల కావాలి.

"మామయ్యకి నువ్వు చెప్పావా?"

"లేదు. ఆయన చెవులతో కనిపెట్టారు. రెండు నెలల కిందట అందరూ టీకి దిగినప్పుడు ఇక్కడే ఆపి, 'నీ చెయ్యి నీకు కనబడటం లేదు కదమ్మా' అన్నారు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. 'ఒక్కరికి కూడా చెప్పను. గదిలో అందరినీ తిడతాను, నువ్వు కూడా విను' అన్నారు."

కోడలు గోడకి ఆనుకుంది. రెండు నెలల పిచ్చి అంతా ఒక్కసారిగా వరసలో నిలబడింది. ఈ అమ్మాయి ఏ మిషను ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చుంటుంది, అందుకని ఇరవై మిషన్లూ మారాయి. ఆ ఉబ్బు గీత ఒక్కటే ఆమె చేతికి దారి, అందుకని నడక ఎఫ్ దగ్గరికి జరిగింది. చెయ్యి జారిన చప్పుడు వినబడినప్పుడల్లా బద్ద మోగింది, తిట్టు మాత్రం ఇంకెవరికో తగిలింది.

"ఒక్క మాట నాతో అంటే నీకు వేరే మిషను ఏర్పాటుచేసేదాన్ని కదా."

"బయట నేను పరిగెత్తడం మీరెప్పుడైనా చూశారా అక్కా? ఈ మెట్లు దిగడానికే ఎంతసేపు పడుతుందో చూశారుగా. అక్కడ పరిగెత్తుతాను. అక్కడ కూడా నాకోసం వేరే బల్ల వేస్తే ఇంకెందుకు?"

కోడలు లోపలికి వచ్చింది. చెప్పడానికి ఆమె దగ్గర కారణం ఉంది, చెప్పే హక్కు లేదు. ఖాళీ కుర్చీ మీదున్న అడుగు బద్ద తీసుకుని బల్ల మీద కొట్టింది.

"చూపుడు వేలు. ఎఫ్ మీద."

మామగారిని వెక్కిరిస్తోందనుకుని అందరూ విరగబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. మిషన్లన్నీ మామయ్య పెట్టినట్టే ఉంటాయనీ, రేపు మామయ్య వస్తారనీ, ఇష్టం లేనివాళ్ళు ఎర్రదీపాల మీటల దగ్గరికి వెళ్ళొచ్చనీ చెప్పింది.

మెకానిక్కు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఈ పిచ్చి అంటుకుంటుందా అక్కా?"

"అంటుకుంది."

"కారణమేంటో చెప్పండి."

"చెప్పను."

అతను లేచి హెల్మెట్టు తీసుకున్నాడు. మిగతా ముగ్గురూ లేచారు. గుమ్మం దగ్గర కాల్ సెంటర్ అమ్మాయి అడ్డంగా నిలబడి ఉంది. ఎప్పుడు వెనక్కి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"కారణం నేను" అంది. నాలుగు ముక్కల్లో చెప్పేసింది, ఫోనులో ఎవరికో వివరాలు చెబుతున్నంత మామూలుగా.

మెకానిక్కు హెల్మెట్టు అటూ ఇటూ తిప్పాడు. "మరి రెండు నెలలనుంచి నన్నెందుకు తిట్టాడు?"

"నువ్వు నా పక్కన కూర్చుంటావు కాబట్టి."

ఫోటోగ్రాఫరు ముందు నవ్వాడు. మెకానిక్కు నవ్వాలో వద్దో తేల్చుకోలేక, "నాలుగో మిషను ఒక్కటే మార్చితే సరిపోదా? మనలో మాటే కదా" అన్నాడు.

"సరిపోతుంది. అప్పుడది నా మిషను అవుతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అదెందుకలా ఉందని అడుగుతాడు, మీరు గొంతు తగ్గించి చెబుతారు. మాస్టారు పెట్టినప్పుడు అది ఎవరిదీ కాదు. ఆయన పిచ్చి, అంతే."

మెకానిక్కు హెల్మెట్టు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఎడమచెయ్యి చాపి, చూపుడు వేలితో ఎఫ్ మీట తడిమాడు. మళ్ళీ తడిమాడు. "ఐదేళ్ళనుంచి ఆడుతున్నాను. ఈ గీత ఇక్కడుందని నాకు తెలియదు" అన్నాడు. తర్వాత చిటికెన వేలిని షిఫ్టువైపు సాగదీశాడు, పళ్ళు బిగపట్టి, లిఫ్టు గోతిలో జారిపోయిన నట్టు కోసం చాపినట్టు. "పొట్టిదే. అయినా అందుతోంది."

మర్నాడు పొద్దున మాస్టారిని తీసుకురావడానికి అతనే ఇంటికి వచ్చాడు. మాస్టారు కూరగాయలాయన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, ఫోనులో నంబరు బొటనవేలితో నొక్కడంవల్ల వచ్చే నష్టాలు వివరిస్తున్నాడు. మెకానిక్కు నీళ్ళు నములుతూ క్షమాపణ చెప్పబోయి, ఆ అమ్మాయి సంగతి తమకి తెలిసిందన్నాడు.

"ఏ అమ్మాయి?"

"అదే మాస్టారూ, నాలుగో మిషను..."

"నాకు అమ్మాయిల సంగతులేం తెలుస్తాయిరా. నాకు కావలసింది వేళ్ళు."

"ఆమే చెప్పేసింది మామయ్యా" అంది కోడలు.

"చెప్పుకుంటే ఆమె ఇష్టం. నేను ఎవరికీ చెప్పలేదు" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు. దారిపొడుగునా ఆ విషయం మళ్ళీ ఎత్తనివ్వలేదు. మెకానిక్కు నడకలో ఎడమచెయ్యి ఊపు సరిగా లేదని మాత్రం రెండుసార్లు ఆపి చెప్పాడు.

ఆదివారం అవతలి సెంటరు కిటకిటలాడిపోయింది. ఐదుగురూ కూర్చోగానే మీటలు మార్చుకునే పేజీ తెరవబోయారు. పోటీ నడిపే అతను పరుగున వచ్చాడు. టైము లేదు, అందరికీ అవే మీటలు, ఎవరూ ఏదీ మార్చడానికి వీల్లేదన్నాడు. కాల్ సెంటర్ అమ్మాయి చెయ్యి కీబోర్డు మీద గాల్లోనే ఆగింది. మీటలు మారకపోతే ఆమెకి ఆడటం కుదరదు. ఎందుకని అడిగితే, ఇంత జనంలో, రేపు ఆమె ఆఫీసు దాకా పాకే జనంలో, చెప్పాల్సి వస్తుంది. కోడలు వెనక వరసలోంచి సగం లేచింది.

మెకానిక్కు అతని భుజం మీద చెయ్యివేసి పక్కకి తీసుకెళ్ళాడు. "అన్నా, ఆ వెనక వరసలో పెద్దాయన్ని చూశావా? మా మాస్టారు. ఎఫ్ మీద వేలు లేకుండా మేం ఆడితే ఆయన ఊరుకోడు. ఇక్కడే, ఇంతమందికీ మొదటి పాఠం మొదలుపెడతాడు. పెట్టాక ఆపడం మావల్ల కాలేదు. నీవల్ల అవుతుందేమో చూసుకో."

అతను తిరిగి చూశాడు. ఆ క్షణానికి మాస్టారు ఆ అమ్మాయి చేతివంక చూస్తూ, మనవరాలి మొదటి అడుగు చూస్తున్న తాతలా నోరంతా తెరిచి మురిసిపోతున్నాడు. కోడలు మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆయన నవ్వు మింగేశాడు. కనుబొమ్మలు దగ్గరికి లాక్కుని, గడ్డం ముందుకి చాపి, ముప్పై నాలుగేళ్ళలో ఏ శిష్యుడూ చూడనంత భయంకరమైన మొహం పెట్టాడు. చాలదేమోనని చూపుడు వేలు కూడా పైకెత్తాడు.

పోటీ నడిపే అతను అందరికీ పది నిమిషాలిచ్చాడు, కావలసినవాళ్ళు కావలసిన మీటలు పెట్టుకోమని.

ఆట మొదలైంది. పెద్ద తెర మీద ఐదుగురిలో ఒక మనిషి అందరికంటే ముందు, వంతెన దాటి, గోడలు తప్పించుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తుతోంది. అదెవరని జనం ఒకరినొకరు అడుగుతున్నారు.

కోడలు మామగారి చెవి దగ్గరికి వంగింది. "మామయ్యా, కోపం పోతోంది. అతను ఇటే చూస్తున్నాడు."

మాస్టారు గబుక్కున మళ్ళీ కనుబొమ్మలు ముడిచాడు.